మూడు నెలల్లో పాపకు మూడు పళ్ల ఎక్స్‌రేలు: తగ్గించుకునే దారి లేదా?

నకిరేకల్ అమ్మ
మా పాపకు పదకొండేళ్లు. పైవరుసలో కోరపన్ను రావలసిన చోట రెండు వైపులా ఇంకా పాలపన్నే కూర్చుని ఉంది. ముందు పళ్లు కొంచెం ఎత్తు. క్లిప్పులు వేయిద్దామని మూడు నెలలుగా తిరుగుతున్నాం. మొదట ఇక్కడే నకిరేకల్‌లో, తరువాత నల్లగొండలో రెండు చోట్ల. అన్ని చోట్లా ఒకటే వరస. నోరు తెరిచి చూడకముందే ఓపీజీ. పిల్లను నిలబెట్టి, గడ్డం ఆనించి, తల చుట్టూ యంత్రం తిప్పి దవడంతా ఒకే బొమ్మలో తీస్తారే, అది. "పోయిన నెలే తీశారండీ" అంటే "అది మా దగ్గర లేదు కదమ్మా" అన్నారు. మొదటి రెండు చోట్ల బొమ్మ మా చేతికి ఇవ్వనే లేదు. కంప్యూటర్లో చూపించి మూసేశారు, డబ్బులు మాత్రం కట్టించుకున్నారు. ఇప్పుడు మూడో చోట త్రీడీ స్కాన్ రాశారు. పైగా ఎక్కడా మెడకు గానీ ఒంటికి గానీ ఏ కవచమూ కట్టలేదు. "పసిదాని తలకాయకు ఇన్ని కిరణాలా" అని మా అత్తమ్మ రాత్రి అన్నం కూడా ముట్టలేదు. నిజంగా భయపడాల్సిన విషయమేనా? తగ్గించుకునే మార్గం ఏదైనా ఉందా?

గడియార స్తంభం
పన్ను ఇంకా రానే లేదు, ఫోటోలు మాత్రం మూడు. పెళ్లిచూపులకు కూడా ఇన్ని తీయరు.

మిర్యాలగూడ మిల్లు
కవచం కట్టకపోవడమే అసలు నేరం. చిన్నపిల్ల మెడ దగ్గర థైరాయిడ్ ఉంటుంది. సీసపు ఆప్రాన్, మెడకు కాలరు లేకుండా ఎక్స్‌రే తీశారంటే వెళ్లి నిలదీయాలి. నేనైతే వదలను.

ఎక్స్‌రే గది
పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మిల్లు గారూ, ఓపీజీకి మెడ కాలరు కట్టకపోవడం నేరం కాదు, కడితేనే తప్పు. ఆ యంత్రంలో కిరణం తల వెనుక నుంచి, కొంచెం కింది నుంచి పైకి వస్తుంది. మెడకు సీసం చుట్టి ఉంటే దాని నీడ సరిగ్గా కింది ముందు పళ్ల మీద తెల్లటి ముద్దలా పడుతుంది. బొమ్మ పాడవుతుంది, మళ్లీ తీయాలి. కాపాడబోయి రెండింతలు ఇచ్చినట్టు.

ఓపీజీ మళ్లీ తీయాల్సి వచ్చేది ఎక్కువగా వేరే కారణాలకు. చెవి కమ్మలు తీయరు. కమ్మ నీడ అవతలి దవడ మీద, కొంచెం పైకి, దయ్యంలా తేలుతుంది. ముక్కుపుడక, మెడలో గొలుసు, జడకు పెట్టిన పిన్నులు కూడా అంతే. యంత్రం తిరిగే పది పదిహేను సెకన్లు పిల్ల కదిలిందా, మొత్తం వంకర. "నాలుక అంగిలికి ఆనించమ్మా" అని చెప్పి ఒకసారి ఉత్తిదే చేయించి చూస్తే మొదటి బొమ్మే చక్కగా వస్తుంది. ఇంకొకటి, యంత్రంలో పిల్లల అమరిక వేరే ఉంటుంది. రద్దీలో పెద్దవాళ్ల అమరిక మీదే నొక్కేసేవాళ్లను చూశాను. "పిల్లల సెట్టింగు పెట్టారా" అని నోరు తెరిచి అడగండి. ఎవరూ కోప్పడరు. కోప్పడితే బయటికి వచ్చేయండి.

తొలకరి
కమ్మల సంగతి నిజం. మా అమ్మ ముక్కుపుడక ముప్పై ఏళ్లుగా తీయలేదు, రాదు. ఆ ఎక్స్‌రేలో పై పన్ను పక్కన నక్షత్రం మెరిసింది.

గడియార స్తంభం
శుక్రదశ అయి ఉంటుంది.

భౌతికం సార్ (రిటైర్డ్)
అంకెలు లేకుండా భయం గురించి మాట్లాడితే తేలదు. ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్టులలో కొలుస్తారు. పళ్లకు వాడేది చాలా తక్కువ కాబట్టి మైక్రోసీవర్టులలో చెప్పుకుందాం. ఏ ఎక్స్‌రే తీయించుకోకపోయినా నేల నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు అందుతూనే ఉంటాయి. అంటే రోజుకు ఆరున్నర. నల్లగొండలో మనం కూర్చున్నదే గ్రానైటు మీద, అందులో సహజంగానే కాస్త యురేనియం, థోరియం ఉంటాయి.

ఒక పంటికి తీసే చిన్న ఎక్స్‌రే సుమారు 5 మైక్రోసీవర్టులు. ఒక రోజు బతికినంత కూడా కాదు. ఓపీజీ పది నుంచి ముప్పై వరకు, యంత్రాన్ని బట్టి. త్రీడీ స్కాన్ అంటే సీబీసీటీ, దీని లెక్క వేరు. చిన్న భాగానికే తీస్తే కొన్ని పదులు, తలంతా తీస్తే కొన్ని వందలు కూడా దాటవచ్చు. పాపకు మూడు ఓపీజీలు కలిపినా పదిరోజుల సహజ రేడియేషన్‌కు అటూ ఇటూ. అత్తమ్మ గారిని అన్నం తినమనండి.

కందనూలు
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. "సహజంగానే ఉంటుంది, ఇది అందులో ఎంత" అనే మాట మేము ఇదివరకు విన్నాం. 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతామన్నప్పుడు అమ్రాబాద్ వాళ్లకు ఇలాగే లెక్కలు చెప్పబోయారు. జనం గట్టిగా నిలబడ్డారు కాబట్టి అసెంబ్లీలో వద్దని తీర్మానం చేశారు. మీ దగ్గర కూడా పెద్దగట్టు, లంబాపూర్‌లలో యురేనియం గని పెడతామన్న సంగతి మరిచిపోలేదు కదా. ఎవరికి లాభమో వాళ్లే "ఇది తక్కువే" అని చెబితే నమ్మడం కష్టం.

భౌతికం సార్ (రిటైర్డ్)
లంబాపూర్ ప్రజాభిప్రాయ సేకరణకు సైకిలు మీద వెళ్లినవాణ్ని నేను, నాకు చెబుతావా నాయనా! గని వేరు, గదిలో ఎక్స్‌రే గొట్టం వేరు. గనిలోది నీళ్లలో కలుస్తుంది, దుమ్ములో లేస్తుంది, తరాలపాటు ఉంటుంది. ఎక్స్‌రే గొట్టానికి కరెంటు ఆపితే కిరణం ఆగిపోతుంది, గదిలో ఏమీ మిగలదు. బల్బు ఆర్పాక వెలుతురు గోడల మీద మిగులుతుందా?

ఇంకొక మాట. తక్కువ అన్నాను గానీ, అవసరం లేకపోయినా తీయవచ్చు అనలేదు. ఎంత చిన్న మోతాదైనా దానికి తగిన ప్రయోజనం ఉండాలన్నది అంతర్జాతీయ నియమమే. పిల్లలకు మరీ ముఖ్యం. పెరిగే కణాలకు ప్రభావం ఎక్కువ, ముందున్న ఆయుష్షూ ఎక్కువ. మూడు ఓపీజీలలో మొదటిది సబబు. మిగతా రెండూ దండగ. ప్రమాదం అనను, దండగ అంటాను.

కందనూలు
ఈ మాట ముందే అని ఉంటే సరిపోయేది సార్.

మర్రిగూడ నీళ్లు
నా కథ వినండి. మాది ఫ్లోరైడ్ ఊరు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు వేరు, మా పళ్లు వేరు. గోధుమరంగు చారలు పుట్టుకతోనే ఉన్నట్టు ఉంటాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక పళ్లు తెల్లగా చేయించుకుందామని ఒక చోటికి వెళితే ముందు ఓపీజీ అన్నారు. ఎందుకంటే "మచ్చలు ఎంత లోతు ఉన్నాయో చూడాలి" అట. ఎక్స్‌రేలో రంగు కనబడుతుందా? అదే మా నాన్నకు నడుం వంగిపోయినప్పుడు ముంజేతి ఎక్స్‌రే తీసి, రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందని చూపించి, ఇది ఫ్లోరోసిస్ అని తేల్చారు. అది అవసరమైన ఎక్స్‌రే. నాది జేబు ఎక్స్‌రే.

పాలమూరు పళ్ల డాక్టర్
ఇప్పుడే చూశాను. మా వృత్తి మీద రాళ్లు పడుతున్నాయి, కొన్ని న్యాయమైనవే.

మర్రిగూడ గారూ, ఫ్లోరైడ్ మచ్చలను కంటితో చూసి చెప్పాలి, ఓపీజీతో కాదు. మచ్చల వెనుక పుచ్చు దాగి ఉందన్న అనుమానం ఉంటే ఆ పంటికి మాత్రం చిన్నది తీయవచ్చు.

నకిరేకల్ అమ్మా, మీ పాప సంగతి. పదకొండేళ్లకు పై కోరపన్ను రాకపోవడం చాలామందిలో మామూలే, పన్నెండు వరకు చూడవచ్చు. కానీ రావడానికి ఏడాది, రెండేళ్ల ముందే పాలపన్ను పైన చిగురు మీద వేలితో నొక్కితే ఉబ్బు తగలాలి. మూడు చోట్లలో ఎవరైనా అలా వేలు పెట్టి చూశారా? ఆ వేలికి రేడియేషన్ లేదు, ఖర్చూ లేదు. ఉబ్బు తగలకపోతే, పన్ను అంగిలి వైపు దారి తప్పిందా అన్నది తేల్చాలి. దానికి వెంటనే త్రీడీ అక్కరలేదు. గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి రెండు చిన్న ఎక్స్‌రేలు తీస్తే చాలు.

ఎలాగంటారా? నల్లగొండ నుంచి బస్సులో వెళుతూ కిటికీ లోంచి చూడండి. రోడ్డు పక్క కరెంటు స్తంభం వెనక్కి పరుగెత్తుతుంది, దూరాన లతీఫ్ సాహెబ్ గుట్ట మనతో పాటే వస్తున్నట్టు ఉంటుంది. ఎక్స్‌రే గొట్టమే బస్సు. గొట్టంతో పాటు కదిలినట్టు కనబడిన పన్ను దూరంగా, అంటే అంగిలి వైపు ఉన్నట్టు. ఎదురు దిశలో జరిగితే పెదవి వైపు. మేము చదువుకున్నప్పటి పాత కిటుకు ఇది. ఇప్పుడు త్రీడీ యంత్రం కొన్నవాళ్లు కిటికీ లోంచి చూడటం మానేశారు.

గడియార స్తంభం
కొన్న యంత్రానికి వాయిదాలు కట్టాలి కదా డాక్టరు గారూ. బస్సుకు టికెట్టు, త్రీడీకి ఈఎంఐ.

పాలమూరు పళ్ల డాక్టర్
కాదనను. కానీ త్రీడీ ఎప్పుడూ దండగ అని కూడా రాయకండి. దారి తప్పిన కోరపన్ను పక్క పంటి వేరును కరిగించేస్తోందన్న అనుమానం ఉంటే అదే సరైన పరీక్ష. అప్పుడు కూడా "ఆ భాగానికి మాత్రమే, చిన్న ఫీల్డుతో" అని చీటీలో రాయాలి. తలంతా తీయనక్కరలేదు.

మిర్యాలగూడ మిల్లు
అంతా బాగుంది. చిన్న ఎక్స్‌రేకైనా కవచం కావాలా వద్దా? సూటిగా చెప్పండి. ఎక్స్‌రే గది గారు నన్ను తప్పుపట్టి వెళ్లిపోయారు.

పాలమూరు పళ్ల డాక్టర్
సూటిగా చెప్పడం కొంచెం కష్టం. 2024 ఫిబ్రవరిలో అమెరికా దంతవైద్య సంఘం, అంటే ఏడీఏ, పళ్ల ఎక్స్‌రేలకు ఆప్రాన్ గానీ మెడ కాలరు గానీ ఇక అక్కరలేదని సిఫారసు చేసింది. ఇప్పటి యంత్రాలలో కిరణం సన్నగా, పళ్ల మీదికే పడుతుంది. కడుపుకూ ఒంటికీ చేరేది చాలావరకు తల లోపలే చెదిరి దిగేది, దాన్ని బయటి ఆప్రాన్ ఆపలేదు. కాలరు అడ్డువచ్చి బొమ్మ చెడితే మళ్లీ తీయాలి.

మిర్యాలగూడ మిల్లు
అమెరికాలో యంత్రం అమెరికాది. మన దగ్గర పదిహేనేళ్ల నాటి యంత్రం, గుండ్రటి గొట్టం, ఇంకా ఫిల్ము వాడేవాళ్లు ఉన్నారు. వాళ్లు ముందు కిరణాన్ని సన్నం చేసుకుని, తరువాత కవచం తీసేశారు. మనం కిరణాన్ని వదిలేసి కవచం ఒక్కటీ తీసేస్తే ఎలా?

పాలమూరు పళ్ల డాక్టర్
ఇది మంచి ప్రశ్న, ఒప్పుకుంటున్నా. ఆ సంఘం కూడా కిరణాన్ని దీర్ఘచతురస్రంగా కత్తిరించే గొట్టం వాడమని, ఫిల్ముకు బదులు నోట్లో పెట్టే డిజిటల్ సెన్సర్ వాడమని కలిపే చెప్పింది. గుండ్రటి గొట్టం బదులు దీర్ఘచతురస్రపుది పెడితేనే మోతాదు దాదాపు సగానికి పడిపోతుంది. మా ఊళ్లో అది ఎంతమంది దగ్గర ఉందో నేను చెప్పను, ఊహించుకోండి. కాబట్టి గుండ్రటి గొట్టంతో పిల్లలకు చిన్న ఎక్స్‌రే తీస్తే నేను ఇప్పటికీ కాలరు కడతాను, అడ్డురాదు కాబట్టి. ఓపీజీకి కట్టను.

మిర్యాలగూడ మిల్లు
అయితే సగం నేను గెలిచినట్టే.

ఎక్స్‌రే గది
సగం నేనూ గెలిచాను. ఓపీజీ సగం నాది.

వనపర్తి కోడలు
నాకు నాలుగో నెల. కింది దవడ పన్ను విపరీతమైన నొప్పి, చెంప వాచింది. రూట్ కెనాల్ చేయాలి, ఒక చిన్న ఎక్స్‌రే కావాలన్నారు. మా ఇంట్లో అందరూ వద్దంటున్నారు. కాన్పు అయ్యేదాకా నొప్పి మాత్రలతో ఆగమంటున్నారు.

పాలమూరు పళ్ల డాక్టర్
ఆగవద్దమ్మా. చెంప వాచిందంటే చీము చేరినట్టు, అది మీకూ బిడ్డకూ ఎక్కువ ప్రమాదం. పంటి ఎక్స్‌రే కిరణం నోటి వైపు పెట్టేది. కడుపులో బిడ్డకు చేరేది లెక్కలోకి రానంత తక్కువ. గర్భిణులకు అవసరమైతే పంటి ఎక్స్‌రే తీయవచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా చెబుతోంది. ఇంట్లో వాళ్ల మనశ్శాంతికి ఆప్రాన్ కట్టమని అడగండి, కడతారు. నొప్పి మాత్రలే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. కొన్ని ఈ సమయంలో మంచివి కావు, మీ గైనకాలజిస్టును అడగకుండా ఒక్కటీ మింగకండి.

వనపర్తి కోడలు
ఈ పేజీ మా ఆయనకు చూపించాను. రేపు పొద్దున్న వెళుతున్నాం.

జడ్చర్ల చెల్లి
అందరూ పేషెంట్ల గురించే మాట్లాడుతున్నారు. నేను ఒక పళ్ల ఆసుపత్రిలో సహాయకురాలిని. చిన్నపిల్లలు సెన్సర్‌ను నోట్లో నిలపరు. "నువ్వే పట్టుకో" అంటారు. రోజుకు ఐదారు సార్లు నా వేళ్లే వాళ్ల నోట్లో ఉంటాయి. ఒంటికి ఎంత కిరణం తగిలిందో కొలిచే బ్యాడ్జీ లేదు, అడ్డు తెర లేదు. పేషెంటుకు ఒక రోజు బతికినంత కూడా కాదన్నారు కదా, మరి నాకు?

ఎక్స్‌రే గది
చెల్లెమ్మా, రేపటి నుంచి మానెయ్. సిబ్బంది ఎవరూ సెన్సర్‌ను చేత్తో పట్టుకోకూడదు. ఇది బతిమాలే విషయం కాదు. ప్లాస్టిక్ హోల్డర్ ఉంటుంది, పిల్ల కొరికి పట్టుకుంటే చాలు. అదీ కుదరకపోతే పిల్ల వెంట వచ్చిన తల్లో తండ్రో పట్టుకోవాలి, ఆప్రాన్ వేసుకుని. వాళ్లకు జీవితంలో ఒక్కసారి, నీకు రోజుకు ఆరుసార్లు. బటన్ నొక్కేటప్పుడు కనీసం రెండు మీటర్లు, అంటే ఆరడుగులు దూరం, కిరణం వెళ్లే దిక్కులో కాకుండా పక్కగా నిలబడు. దూరం రెట్టింపు అయితే మోతాదు నాలుగో వంతే. గోడ వెనుక నిలబడగలిగితే ఇంకా మేలు. బ్యాడ్జీ అడుగు, టీఎల్‌డీ అంటారు. యంత్రానికి ఏఈఆర్‌బీ, అంటే ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. పళ్ల ఎక్స్‌రేకూ తప్పదు.

భౌతికం సార్ (రిటైర్డ్)
జడ్చర్ల అమ్మాయి రాసింది చదివి కుర్చీలోంచి లేచాను. నూరేళ్ల కిందటి తప్పు ఇది. రాంట్‌జెన్ 1895 చివర్లో ఎక్స్‌కిరణాలు కనుగొన్నాడు. కొన్ని వారాలకే జర్మనీలో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే ఎక్స్‌రే తీయించుకున్నాడు. 25 నిమిషాలు కదలకుండా పడుకున్నాడట. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు 1896 నుంచి ఏళ్ల తరబడి ఫిల్ము తన వేళ్లతోనే పట్టుకున్నాడు. చేతికి క్యాన్సర్ వచ్చింది. ముందు వేళ్లు, తరువాత చేయి తీసేశారు. 1928లో ఆ బాధ భరించలేక ప్రాణం తీసుకున్నాడు. ఆయన పోయి ఇంతకాలమైనా ఒక ఆడపిల్లతో అదే పని చేయిస్తున్నారు. ఆ పాపకు తీసిన మూడు ఓపీజీల కంటే నాకు ఇదే ఎక్కువ బాధగా ఉంది.

జడ్చర్ల చెల్లి
హోల్డర్ ఉంది సార్. సొరుగులో ఉంది. కడగడం ఆలస్యమని తీయరు.

కందనూలు
నువ్వే తీసి కడుగు తల్లీ. వాళ్లు ఏమన్నా అంటే ఈ కెల్స్ కథ చెప్పు.

తొలకరి
అసలు ప్రశ్న పక్కకు పోయింది. నకిరేకల్ అమ్మా, మొదటి రెండు చోట్లకు వెళ్లి బొమ్మ అడగండి. డిజిటల్ ఓపీజీ కంప్యూటర్లోనే ఉంటుంది. డబ్బు కట్టారు కాబట్టి ప్రతి మీకు రావాలి. ఫోనుతో తెర ఫోటో తీసుకుంటే పనికిరాదు, మెరుపు పడుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపించుకున్నా నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదంటే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. తీసిన తేదీ, పాప పేరు బొమ్మ మీదే ఉండేలా చూసుకోండి. మా అన్నకు పేరు లేని ఎక్స్‌రే ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే పళ్లు ముప్పై రెండు ఉన్నాయి. మా అన్నకు ఉన్నవి ఇరవై ఎనిమిది.

గడియార స్తంభం
లాభమే కదా.

నకిరేకల్ అమ్మ
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి చోట "సాఫ్ట్‌వేర్ మారింది" అన్నారు, దొరకలేదు. రెండో చోట అరగంట కూర్చున్నాక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారు. మూడో చోటికి మళ్లీ వెళ్లలేదు. తెలిసినవాళ్లు చెబితే ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బొమ్మ పెన్‌డ్రైవ్‌లో ఉందని చెప్పగానే ఆవిడ ముందు దాన్నే తెరిచి చూశారు. తరువాత పాప చిగురు మీద వేలు పెట్టి నొక్కారు. కుడివైపు ఉబ్బు తగిలింది, ఎడమవైపు లేదు. ఇంకొక ఓపీజీ వద్దన్నారు. ఎడమవైపు ఒక్క చిన్న ఎక్స్‌రే తీశారు. కాలరు కట్టారు, మిల్లు గారికి చెప్పండి. కమ్మలు ఇంటి దగ్గరే తీసేసి వెళ్లాం. ఎడమ కోరపన్ను అంగిలి వైపు కొంచెం వాలింది, ఇంకా పక్క వేరును తాకలేదన్నారు. ఆ వైపు పాలపన్ను తీసేశారు. చాలావరకు దారిలోకి వస్తుంది, ఆరునెలలకు చూద్దాం, రాకపోతే అప్పుడు త్రీడీ గురించి ఆలోచిద్దాం అన్నారు.

ఒకటి అర్థం కాలేదు. డాక్టరు గారు రెండు చిన్నవి తీయాలన్నారు, ఈవిడ ఒకటే తీసి ఎలా చెప్పారు?

పాలమూరు పళ్ల డాక్టర్
రెండోది మీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఓపీజీలో కిరణం కింది నుంచి పైకి వస్తుందని ఎక్స్‌రే గది గారు మొదట్లోనే రాశారు. చిన్నది పై నుంచి కిందికి తీస్తారు. బస్సు పక్కకు కాకుండా పైకి ఎక్కిందనుకోండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే పన్ను ఎటు ఉందో తెలిసిపోతుంది. ఆ పాత ఓపీజీ చేతిలో లేకపోతే ఇంకొకటి తీయాల్సి వచ్చేది. మంచి డాక్టరమ్మ, నా శిష్యురాలేమో అని చిన్న ఆశ.

మిర్యాలగూడ మిల్లు
కాలరు కట్టారు. ఇక నాకు ఏమీ అక్కరలేదు.

తొలకరి
అత్తమ్మ గారు అన్నం తిన్నారా?

నకిరేకల్ అమ్మ
తిన్నారు. ఇప్పుడు తన కింది పన్ను కదులుతోందట, పెన్‌డ్రైవ్‌లో ఆవిడ బొమ్మ కూడా ఉందేమో చూడమంటున్నారు.

హాలియా కాలువ
ఆలస్యంగా వచ్చాను. నా దగ్గర ఆరేళ్ల కిందటి ఓపీజీ ఫిల్ము ఉంది. ఇప్పుడు పోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ వేయించుకోవాలి. దాన్నే చూపిస్తే సరిపోతుందా?

పాలమూరు పళ్ల డాక్టర్
పన్ను పోయి ఎంతకాలమైంది?

హాలియా కాలువ
నాలుగేళ్లు.

పాలమూరు పళ్ల డాక్టర్
అయితే ఆ ఫిల్ములో పన్ను ఇంకా ఉంది. పన్ను పోయాక ఎముక తగ్గుతుంది. మీకు కొత్తది కావాలి. ఎముక మందం తెలియాలి కాబట్టి ఆ చిన్న భాగానికి త్రీడీ కూడా అడగవచ్చు. పాతది పారేయకండి, అది కూడా తీసుకెళ్లండి.